రొయ్యల గుంటల దగ్గర ఒకే కేబుల్‌లో కరెంటు, డేటా రెండూ పంపాలి: పీవోఈనా, 485నా, ఇంకేమన్నా ఉందా?

గుంటగట్టు:

నమస్తే అందరికీ. మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం, మైపాడు వైపు. ఆరు గుంటల్లో వనామీ వేస్తాం. షెడ్డు ఒక కొసన ఉంటుంది, అక్కడి నుంచి చివరి గుంట దాకా గట్టు వెంబడి 420 మీటర్లు. పోయిన పంటలో ఒకరోజు తెల్లారుజామున మూడో గుంటలో ఆక్సిజన్ పడిపోయి, కాపలా మనిషి టార్చి వేసి చూసేసరికే రొయ్యలు పైకి తేలి ఉన్నాయి. ఆ రోజు నుంచి మా నాయనకి నిద్ర లేదు, ఆయన చేసే ఫోన్లకి చెన్నైలో నాకూ నిద్ర లేదు.

అందుకని ప్రతి గుంటలో నీళ్లలో ఆక్సిజన్ కొలిచే డీవో ప్రోబు ఒకటి, షెడ్డులో సైరను, గేటు దగ్గరొక కెమెరా, మేత గోడౌను దగ్గర ఇంకో కెమెరా పెడదామని మొదలుపెట్టాను. గట్టు కింద అంగుళం పైపు ఇదివరకే పూడ్చి ఉంది, ప్రతి గుంట దగ్గరా ఒక చిన్న ఛాంబరు కూడా ఉంది. మళ్లీ జేసీబీ పెట్టి తవ్విస్తానంటే నాయన ఒప్పుకోడు, ఏం చేసినా ఆ పైపులోనే చెయ్యాలి. ఒకే కేబుల్‌లో రెండూ పోతే పని సులువని ఊళ్లో ఒక షాపులో క్యాట్ 6, అంటే నాలుగు జతల తీగలుండే నెట్ కేబుల్, బాక్సు కొని, మూడో గుంట దాకా, అంటే 280 మీటర్లు, లాగాను. ఒక జత ప్లస్‌కి, ఒక జత మైనస్‌కి ఇచ్చి 12 వోల్టులు పంపించా, మూడో జతలో డేటా, ఆర్‌ఎస్ 485 పద్ధతిలో. ప్రోబు తీసుకునేది 250 మిల్లీఆంపులు. షెడ్డులో మీటరు పెడితే 12.0 చూపిస్తుంది, గుంట దగ్గర పెడితే 4.8. డేటా కాసేపు వస్తుంది, కాసేపు చెత్త వస్తుంది, కాసేపు అసలే రాదు.

ఇప్పుడు చదివేకొద్దీ బుర్ర తిరుగుతోంది. ఒకరు నెట్ కేబుల్‌లోనే కరెంటు కూడా పంపే పీవోఈ అంటారు, ఒకరు కరెంటు వైరులోనే డేటా పంపే పవర్‌లైన్ అంటారు, ఇంకొకరు కొలతను మిల్లీఆంపుల్లో పంపే 4-20 పద్ధతి అంటారు. ఉప్పుగాలిలో చేసి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. యూట్యూబు చూసి చెప్పేవాళ్లు వద్దు, అవి నేనూ చూశాను.

సింగరాయకొండ_నెట్:

అన్నా, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల కోసం ప్రతి గుంటకీ కరెంటు వైరు ఎట్లాగూ పోయి ఉంటుంది కదా. ఇళ్లల్లో వాడే పవర్‌లైన్ అడాప్టర్లు ఒక్కో చివర ఒకటి పెడితే అదే వైరులో నెట్ వస్తుంది, ప్రోబుకు కరెంటు కూడా అక్కడే దొరుకుతుంది. కొత్త కేబులే అక్కర్లేదు. మా ఇంట్లో కింది నుంచి డాబా మీదికి అలాగే నడుస్తోంది, ఏ గొడవా లేదు.

కొత్తపట్నం_తీరం:

తమ్ముడూ, మీ డాబా మీద రెండు హెచ్‌పీ మోటార్లు లేవు కదా. నేను సరిగ్గా ఇదే చేసి రెండు నెలలు తిప్పలు పడ్డాను కాబట్టి చెబుతున్నా.

పగలు పెట్టి చూస్తే అద్భుతం. ఏరేటర్లు ఆపి ఉంటాయి, లైను శుభ్రంగా ఉంటుంది, సిగ్నల్ ఫుల్లు, ఫోన్లో వీడియో కూడా చూశా. రాత్రి పదకొండు దాటాక ఏరేటర్లన్నీ వేశామా, ఇక అంతే. మోటార్లు చేసే రొద, స్టార్టర్లలో కాంటాక్టర్ పడినప్పుడల్లా ఒక కుదుపు, ఇవన్నీ డేటా పోయే వైరు మీదే కదా వచ్చేది. ఆక్సిజన్ పడిపోయేది తెల్లారుజామునే, ఏరేటర్లు తిరిగేదీ అప్పుడే, లింకు పోయేదీ అప్పుడే. అంటే అవసరం లేనప్పుడు బ్రహ్మాండంగా పనిచేసి, అవసరమైనప్పుడు చేతులెత్తేసే వ్యవస్థ అన్నమాట.

దానికితోడు త్రీఫేజు. షెడ్డులో అడాప్టరు ఒక ఫేజు మీద, గుంట దగ్గరది ఇంకో ఫేజు మీద పడితే సిగ్నల్ సగం దారిలోనే నీరసపడుతుంది. సరే, ఫేజులు సరిచూసుకుని పెట్టాననుకో, కరెంటు పోతే? ఏరేటర్లు ఆగేది అప్పుడే, సైరను మోగాల్సిందీ అప్పుడే, తీరా అప్పుడు డేటా కూడా లేదు. ఇంకొక మాట, 230 వోల్టుల డబ్బా గట్టు మీద నీళ్లకు జానెడు దూరంలో పెట్టి, దాంట్లో చెయ్యి పెట్టి ఎలక్ట్రానిక్స్ రిపేరు చెయ్యాలంటే నాకు గుండె దడ. ఆ అడాప్టర్లు ఇప్పుడు మా బావమరిది ఇంట్లో ఉన్నాయి, అక్కడ బాగానే పనిచేస్తున్నాయి.

పాత_మల్టీమీటరు:

పవర్‌లైన్ సంగతి తేలిపోయింది కాబట్టి అసలు రోగం దగ్గరికొద్దాం. గుంటగట్టూ, నువ్వు రాసిన అంకెల్లోనే జవాబుంది బాబూ.

23 గేజు రాగి తీగ ఒక్కోటి కిలోమీటరుకు సుమారు 66 ఓములు. జతలో రెండు తీగలు కలిపి ప్లస్‌కి, రెండు మైనస్‌కి వాడావు కాబట్టి 280 మీటర్లకు పోనూ రానూ కలిపి 18.5 ఓములు. 250 మిల్లీఆంపులకు 4.6 వోల్టులు దారిలో పోతాయి. అంటే గుంట దగ్గర 7.4 రావాలి. అదీ తక్కువే, కానీ నీకొచ్చింది 4.8. మిగతా 2.6 వోల్టులు ఎవరు తిన్నారు?

నా అనుమానం, నీకు అంటగట్టింది రాగి కాదు. అల్యూమినియం తీగకు పైన రాగి పూత వేసినది, సీసీఏ అంటారు. పైకి చూస్తే తేడా తెలియదు, బాక్సు మీద మాత్రం ఠీవిగా క్యాట్ 6 అని ఉంటుంది. పరీక్ష తేలిక. గుంట దగ్గర ఒక జత రెండు తీగలూ మెలేసి కలుపు, షెడ్డులో ఆ జతకు దేనికీ కనెక్షన్ లేకుండా మీటరు ఓముల్లో పెట్టి చూడు. రాగి అయితే 37 దగ్గర రావాలి. 55 దాటిందంటే అల్యూమినియమే. తర్వాత బ్లేడు తీసుకుని తీగను గీకు, లోపల తెల్లగా ఉంటే ఇక మాట్లాడేదేముంది. నువ్వు మోసుకొచ్చిన బాక్సు రాగి బాక్సు కన్నా తేలిగ్గా కూడా ఉండి ఉంటుంది, గుర్తు తెచ్చుకో.

ఇంట్లో పది మీటర్లకు సీసీఏ వేస్తే ఎవరికీ తెలియదు. నీలాగా కరెంటు కూడా దాంట్లోనే పంపితేనే బయటపడుతుంది. ఉప్పుగాలిలో ఇంకో బాధ, పూత ఎక్కడ గీరుకుపోతే అక్కడ అల్యూమినియం పొడిపొడిగా రాలిపోతుంది.

ఇక వోల్టేజి. మీరంతా 12 వోల్టులనే పట్టుకుని వేలాడతారు, ఎందుకంటే అడాప్టరు ఇంట్లో ఉంటుంది. కరెంటు ఆఫీసువాళ్లు దూరాలకు హెచ్‌టీ లైను ఎందుకు వేస్తారో గుర్తు తెచ్చుకో. నీ ప్రోబుకు కావాల్సింది 3 వాట్లు. అదే 3 వాట్లు 24 వోల్టుల్లో పంపితే ఆంపులు సగమవుతాయి, దారిలో పోయే వోల్టులు సగమవుతాయి, పైగా పోయినా మిగిలేది చాలా ఉంటుంది. గుంట దగ్గర డబ్బాలో చిన్న బక్ కన్వర్టరు పెట్టి 12కి దించుకో. 48 అయితే ఇంకా మంచిదే కానీ ఒక జాగ్రత్త చెబుతా. బజార్లో దొరికే ఆ నీలం రంగు ఎల్‌ఎం 2596 బోర్డు 40 వోల్టుల దాకానే, దానికి 48 ఇచ్చావంటే టప్‌మని పేలుతుంది. నేను రెండు పేల్చాను, రెండోది అనుమానం తీర్చుకోవడానికి.

నా సలహా 24. ఎందుకంటే రెండు ఇన్వర్టరు బ్యాటరీలు వరసగా కలిపితే 24 అయిపోయింది, కరెంటు పోయినా సైరను బతికి ఉంటుంది.

గుంటగట్టు:

సార్, ఇప్పుడే షెడ్డు నుంచి రాస్తున్నా. 58 వచ్చింది. బ్లేడుతో గీకితే లోపల వెండిలాగా తెల్లగా మెరుస్తోంది. షాపువాడికి ఫోన్ చేస్తే “మీరు కాపర్ అని అడగలేదు కదా” అంటున్నాడు. ఏం చెప్పమంటారు.

సరే, అసలు రాగి క్యాట్ 6 కొని పీవోఈ పెడితే? అది 48 వోల్టులే కదా, కెమెరాలకు ఎట్లాగూ కావాలి, అన్నిటికీ ఒకటే పద్ధతి అవుతుంది కదా అని ఆలోచిస్తున్నా.

ఒంగోలు_485:

కెమెరాలకు పీవోఈ పెట్టు, రెండో ఆలోచన వద్దు. గేటు నీ షెడ్డుకు వంద మీటర్ల లోపే ఉంటుంది కదా. పీవోఈలో 2003లో వచ్చిన ఏఎఫ్ రకం చాలు, స్విచ్చి వైపు 15.4 వాట్లు ఇస్తుంది, కెమెరా దగ్గరికి 12.95 తప్పకుండా చేరుతుంది. రాత్రిపూట ఐఆర్ లైట్లు వెలిగినా మామూలు కెమెరాకు సరిపోతుంది. సీసీఏ మాత్రం దానికీ వద్దు. ఇంకోటి, ‘పాసివ్ పీవోఈ’ అని చవగ్గా దొరికే ఇంజెక్టర్ల జోలికి పోకు. అసలైన పీవోఈ స్విచ్చి ముందు అవతల 25 కిలోఓముల గుర్తు ఉందా లేదా అని తట్టి చూసి అప్పుడు కరెంటు వదులుతుంది. పాసివ్‌ది అడగదు, చూడదు, వదిలేస్తుంది. మా ఆఫీసులో ఒకతను టెస్టింగుకని ఆ వైరు తీసి లాప్‌టాప్‌కి పెట్టాడు, పోర్టు పోయింది. లాప్‌టాప్ కంపెనీది కాబట్టి సరిపోయింది.

గుంటలకు మాత్రం పీవోఈ వద్దు. కారణం కరెంటు కాదు, ఈథర్‌నెట్‌కే వంద మీటర్ల హద్దు. 420 మీటర్లకు మధ్యలో సిగ్నల్‌ను ముందుకు పంపే ఎక్స్‌టెండర్లు నాలుగు కావాలి. ఒక్కోటి కొంచెం కరెంటు తింటుంది, ఒక్కోదానికి నెట్ కేబుల్ దూర్చే ఆర్‌జే 45 మూతులు రెండు. ఆ మూతుల్లో ఉండే పల్చటి రేకులు ఉప్పుగాలికి ఒక్క వానాకాలం ఆగవు. చిలుం పట్టి పచ్చగా అవుతాయి, పైగా 48 వోల్టులుంటే తడిలో ఆ తినడం ఇంకా తొందరగా జరుగుతుంది. పది నిమిషాలకొక అంకె పంపడానికి ఇంత బండి కట్టడం దేనికి?

485 సరైనదే, నువ్వు ఎంచుకున్న పద్ధతిలో తప్పు లేదు. తప్పంతా కరెంటు వైపు ఉంది, అది డేటాను కూడా ఎట్లా చెడగొట్టిందో చెబుతా, ఎందుకంటే చాలామంది ఇక్కడే 485ని తిట్టుకుంటారు. నీకు దారిలో పోయిన 7.2 వోల్టుల్లో సగం మైనస్ తీగలో పోయింది. అంటే గుంట దగ్గర ‘సున్నా’ అనుకునేది నీ షెడ్డు సున్నా కన్నా 3.6 వోల్టులు పైనుంది. 485 చిప్పు రెండు తీగల మధ్య తేడానే చూస్తుంది, నిజమే, కానీ తన గ్రౌండుకు మైనస్ 7 నుంచి ప్లస్ 12 లోపల ఉంటేనే చూడగలదు. ఒక్క ప్రోబుకే సగం హద్దు అయిపోయింది, ఇదే వైరు మీద రెండో ప్రోబు కూడా తగిలిస్తే హద్దు అంచు మీద నిలబడినట్టే. దానికితోడు 4.8 వోల్టులకు ప్రోబు సగం చచ్చి సగం బతికి ఉంటుంది. చెత్త డేటా రాక ఏమొస్తుంది. కరెంటు, డేటా ఒకే కేబుల్‌లో పంపితే వచ్చే అసలు చిక్కు ఇదే, కరెంటు మోసే తీగ డేటా గ్రౌండును కూడా ఎత్తుకుపోతుంది.

ఇప్పుడొక ప్రశ్న. ‘ఒకే కేబుల్’ అన్నది ఎవరు పెట్టిన షరతు, నువ్వా, పైపా? పైపు అంగుళం కదా. 2.5 చదరపు మిల్లీమీటర్ల రెండు కోర్ల రాగి కేబుల్ ఒకటి, షీల్డు ఉన్న మెలితిప్పిన జత కేబుల్ ఒకటి, రెండూ కలిపి దాంట్లో దూరతాయి. డీసీయే కాబట్టి పక్కపక్కన పోయినా గొడవ లేదు. ఏరేటర్ల వైరు మాత్రం ఆ పైపులోకి రానియ్యకు. 420 మీటర్లకు ఆ కేబుల్ పోనూ రానూ ఆరున్నర ఓములు. ఆరు ప్రోబులూ కలిపి 24 వోల్టుల మీద ముప్పావు ఆంపు, అవి దారి పొడుగునా పంచుకుని ఉంటాయి కాబట్టి చివరి గుంట దగ్గర సుమారు మూడు వోల్టులు పడుతుంది. 21 మిగులుతుంది, దర్జాగా ఉంటుంది.

వైరు షెడ్డు నుంచి ఒకటో గుంటకు, అక్కడి నుంచి రెండుకు, అట్లా గొలుసులాగా పోవాలి. షెడ్డు నుంచి ఆరు గుంటలకూ ఆరు పాయలు చీలిస్తే సిగ్నల్ కొసల నుంచి ప్రతిధ్వనిలా వెనక్కి తిరిగొచ్చి డేటా పాడవుతుంది. 120 ఓముల రెసిస్టరు రెండే రెండు, ఒకటి షెడ్డులో, ఒకటి ఆరో గుంట దగ్గర. ప్రతి డబ్బాలోనూ పెట్టినవాళ్లను చూశాను, “బలం కోసం” అంట. డేటా వేగం 9600 బాడ్ పెట్టుకో, ఈ దూరం దానికి లెక్క కాదు. ఇక 485 రెండు తీగలకు రాసుండే ఏ, బీ అనే గుర్తుల్ని నమ్మకు, ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా రాస్తుంది. డేటా రాకపోతే మొదట ఆ రెండూ తిప్పి చూడు.

బెంగళూరులో_చీమకుర్తి:

నేను అపార్టుమెంట్ల నీళ్ల మీటర్ల పనిలో ఉన్నాను కాబట్టి ఒక పక్కదారి చెప్పి పోతా. నిజంగా రెండే తీగల్లో కరెంటు, డేటా రెండూ పోయే పద్ధతి ఎం-బస్. షెడ్డు వైపు పెట్టె 36 వోల్టులు పెడుతుంది, ఏదైనా చెప్పాలంటే 24కి దించుతుంది. మీటరు జవాబివ్వాలంటే తను లాగే కరెంటును 11 నుంచి 20 మిల్లీఆంపులు పెంచుతుంది. ప్లస్, మైనస్ తిప్పి పెట్టినా పనిచేస్తుంది, ఎటూ చీల్చుకోవచ్చు, మా కూలీలకు దేవుడిలాంటిది. కానీ మామూలుగా ఒక్కో పరికరానికి దొరికేది 1.5 మిల్లీఆంపులే. నీళ్ల మీటరుకు చాలు, నీ ప్రోబు 3 వాట్లు అడుగుతోంది, దానికి ఇది టీ చెంచాతో గుంట నింపడమే.

4-20 మిల్లీఆంపులు కూడా రెండు తీగలే. దాంట్లో నాకు బాగా నచ్చేది 4. సున్నా ఆక్సిజన్‌కు కూడా 4 మిల్లీఆంపులు వస్తుంది, కాబట్టి నిజంగా 0 వచ్చిందంటే అది నీళ్ల కబురు కాదు, వైరు తెగిందని కబురు. అయితే ఒక్కో ప్రోబుకు ఒక్కో జత కావాలి, పైగా డీవోతోపాటు టెంపరేచర్ కూడా కావాలంటే ఇంకో జత. నీకు కుదరదు, కానీ ఆ 4 వెనకున్న ఆలోచన మాత్రం తీసుకో. కరెంటు, డేటా ఒకే దారిలో పంపితే పందికొక్కు ఒక్క కాటు వేసిందంటే రెండూ ఒకేసారి పోతాయి, ఏ గుంటా అలారం కొట్టదు, షెడ్డు ప్రశాంతంగా ఉంటుంది, మీ నాయన హాయిగా పడుకుంటాడు. ప్రోబు మాట్లాడకపోవడమే అలారం అని పెట్టుకోవాలి. ఫలానా గుంట నుంచి పదిహేను నిమిషాలు అంకె రాకపోతే సైరను మోగాలి, ఆక్సిజన్ 3 పీపీఎం కింద పడితే ఎట్లా మోగుతుందో అట్లాగే.

ఒకే జత తీగల్లో కిలోమీటరు దాకా 10 ఎంబీపీఎస్ ఈథర్‌నెట్ పోయే ప్రమాణం 2019లో వచ్చింది, 10 బేస్-టీ1ఎల్ అంటారు, కరెంటు కూడా అదే జతలో పంపొచ్చు. చదవడానికి నీ గుంటల కోసమే రాసినట్టుంటుంది. కానీ దానికి సరిపడే ప్రోబు, స్విచ్చి కొనబోతే మీ నాయన అడిగే మొదటి ప్రశ్నకే నీ దగ్గర జవాబుండదు.

సింగరాయకొండ_నెట్:

ఇంత వైరు గొడవ ఎందుకు, వైరు లేకుండా రేడియోలో డేటా పంపే లోరా పెట్టేస్తే పోలా? 865-867 మెగాహెర్ట్జ్‌కి లైసెన్సు కూడా అక్కర్లేదు. చిన్న సోలార్ ప్యానెల్, బ్యాటరీ, అయిపోయె.

కొత్తపట్నం_తీరం:

తమ్ముడూ, ఈసారి నువ్వు చెప్పింది మంచి మాటే, నేనూ ఒక గుంటకు అదే పెట్టాను, డేటా శుభ్రంగా వస్తుంది. కానీ ప్యానెల్ మీద కొంగలు కూర్చుని చేసే పని వారానికోసారి కడగాలి, నవంబరులో నాలుగు రోజులు ముసురు పట్టిందంటే 3 వాట్ల ప్రోబును చిన్న బ్యాటరీ మొయ్యలేదు. వీళ్లకు పైపు ఇదివరకే ఉంది. పైపు ఉన్నవాడు వైరు వేసుకోవడమే మేలు.

గుంటగట్టూ, డబ్బాల గురించి ఎవరూ చెప్పలేదు, నాకు ఎక్కువ నష్టం అక్కడే జరిగింది కాబట్టి వినండి. కేబుల్ లోపలికి పోయే చోట బిగించే గ్లాండు డబ్బా అడుగు వైపే ఉండాలి. పక్కన గానీ పైన గానీ పెడితే 2023 డిసెంబరు తుపానులో నాకు జరిగినట్టే జరుగుతుంది, మూత తియ్యగానే నీళ్లు కారాయి. కేబుల్ డబ్బాలోకి ఎక్కే ముందు కిందికి ఒక వంపు తిరిగి రావాలి, అప్పుడు చినుకు ఆ వంపు దగ్గరే జారి పడుతుంది. తీగ కొసకు ఫెర్రూల్, అంటే చిన్న లోహపు తొడుగు, వేసి బిగించి, దానిమీద గ్రీసు పట్టించండి, ఒట్టి ఇన్సులేషన్ టేపు చుడితే లోపల తడి పట్టుకుని అదే చిలుం పెంచుతుంది. పైపు రెండు మూతులూ సీలు చెయ్యండి. మా దాంట్లో ఎలుక కాపురం పెట్టింది. పిడుగులకు షెడ్డులో 485 లైనుకు సర్జ్ ప్రొటెక్టరు, దానికి సరైన ఎర్తింగు, మిగతాది దేవుడి దయ.

గుంటగట్టు:

అందరికీ చాలా థ్యాంక్స్. మూడు వారాల తర్వాత రాస్తున్నా. చెన్నై రిచీ స్ట్రీట్‌లో తిరిగి షీల్డు జత కేబుల్, బక్ బోర్డులు తెచ్చాను. 2.5 కేబుల్ మాత్రం నెల్లూరులోనే కొన్నా, ఈసారి షాపులోనే బ్లేడు తీసి గీకి చూశాను, అతను నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు. పాత క్యాట్ 6కే కొత్త కేబుళ్లు రెండూ కట్టి, అటు నుంచి ఇద్దరు లాగితే పైపులోకి వచ్చేశాయి, రెండో ఛాంబరు దగ్గర మాత్రం ఇరుక్కుని ఒక పూట తినేసింది.

ఆరో గుంట దగ్గర 21.4 వోల్టులు ఉంది. ఐదు ప్రోబులు వెంటనే మాట్లాడాయి. నాలుగోది మాత్రం ఎంతకీ పలకలేదు. డబ్బా విప్పి, బక్ మార్చి, ప్రోబు అడ్రసు మార్చి, మధ్యాహ్నం భోజనం మానేసి, చివరికి ఒంగోలు అన్న మాట గుర్తొచ్చి ఏ, బీ తిప్పితే పలికింది. ఆ ఒక్క ప్రోబు వేరే కంపెనీది.

పదిహేను నిమిషాల సైరను కూడా పెట్టాను. మొదటి రాత్రి రెండున్నరకు మోగింది. నాయన టార్చి తీసుకుని గట్టంతా పరిగెత్తాడు. చూస్తే అన్ని గుంటల్లో ఆక్సిజన్ బాగానే ఉంది, ఐదో డబ్బాలో ఫెర్రూల్ సరిగ్గా బిగించక తీగ ఊడి, ఆరో గుంట కూడా దాంతోపాటే పోయింది. ఆయన నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను, కానీ సైరను తీసెయ్యమని మాత్రం అనలేదు.

ఒక్కటే మిగిలింది. ఆ సీసీఏ క్యాట్ 6 మూడొందల మీటర్లు షెడ్డులో మూలన పడి ఉంది. షాపువాడు వెనక్కి తీసుకోనంటున్నాడు. దాన్ని దేనికన్నా వాడొచ్చా?

పాత_మల్టీమీటరు:

రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలకు తాళ్లుగా కట్టుకో.